తోటలో వేసిన ఎరువు గెడ్డపాలు కాకుండా

ఈ నెల పాఠం పురుగుల గురించి కాదు, నీళ్ళ గురించి. పట్టు పాఠంలో నీళ్ళ సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. మేము కూడా పోయిన ఏడాది ఆషాఢం దాకా అలాగే అనుకున్నాం. కొంచెం పెద్ద పాఠమే, తీరిగ్గా చదవండి. కొమ్మ మేత వేసీసి, టీ తాగుతూ చదివినా పరవాలేదు.

మా పెద్దమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లికి పాలు చాలక డాక్టరు గారు డబ్బా పాలు కూడా పట్టమన్నారు. మా పెరటి బావి నీళ్ళే మరిగించి, చల్లార్చి, పొడి కలిపి పట్టేవాళ్ళం. మరిగించాం గదా, ఇంక భయం ఏముంది అనుకున్నాం.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి నీటి పరీక్ష నేర్పించి కిట్ ఇస్తున్నారు, మీ ఊళ్ళో కూడా ఉండే ఉంటారు. మా వీధి అమ్మాయి ఒకామె అలా నేర్చుకుంది. బాలింతని చూడ్డానికి వచ్చినావిడ మాటల్లో మాటగా మా బావి నీళ్ళు కూడా పట్టుకెళ్ళింది. సాయంత్రానికి వెనక్కి వచ్చి, "అన్నా, చంటిదానికి ఈ నీళ్ళు పట్టకండి" అంది. చిన్న గొట్టంలో నీళ్ళు గులాబీ రంగు దాటి ఎర్రబడ్డాయి. కిట్‌తో ఇచ్చిన రంగుల కార్డులో 45 గడి దాటిపోయి 100 గడికి దగ్గరగా ఉంది. అది నైట్రేటు. తాగే నీళ్ళల్లో లీటరుకి 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశం ప్రమాణం. పెద్దవాళ్ళకి ఒక్కసారిగా ఏమీ తెలీదు. ఆరు నెలల్లోపు పిల్లలకి, అదీ డబ్బా పాలు తాగేవాళ్ళకి, నైట్రేటు రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తిని తగ్గిస్తుంది. పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. ఆలస్యం అయితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో మాట ఆవిడే చెప్పింది, అది విన్నాక మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ నైట్రేటు పోదు. నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. మూడు వారాలు మేము చేసింది అదే.

పాపకి ఏమీ కాలేదు, మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాం. అప్పట్నించి దాని పాలకి నీళ్ళు ఊరి టాంకు నించి తెస్తున్నాం, ఆ నీళ్ళు కూడా పరీక్ష చేయించాకే. కానీ బావిలోకి ఆ నైట్రేటు ఎక్కణ్ణించి వచ్చింది అని కూర్చుని ఆలోచిస్తే, దూరం వెళ్ళక్కర్లేకుండానే దొరికింది. బావికి ఎగువన ఇరవై అడుగుల దూరంలో మా షెడ్డు వెనక ఆరేళ్ళుగా పోస్తున్న పురుగుల పెంట గుట్ట. దానికి పైన ఎకరం మల్బరీ తోట. రెండూ వాలులోనే ఉన్నాయి, వాలు బావి వైపుకే. బావి దాటితే గెడ్డ.

ఇక్కణ్ణించి లెక్క. లెక్కంటే భయపడకండి, పదో తరగతి దాకా చదివిన మేమే వేశాం, ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం పక్కన పెట్టుకుని.

వంద గుడ్ల పంటకి సుమారు 1000 కిలోల ఆకు మేపుతాం. ఆకులో నూటికి 70 నుంచి 75 పాళ్ళు నీళ్ళే. ఎండబెడితే మిగిలేది 270 కిలోల లోపు. ఆ ఎండు ఆకులో నత్రజని నూటికి మూడున్నర పాళ్ళ దాకా ఉంటుంది, అంటే సుమారు 9 కిలోలు. పంట బాగా వస్తే 65 కిలోల గూళ్ళు మార్కెట్టుకి వెళ్తాయి. గూటి పెంకు, లోపలి ప్యూపా కలిపి పట్టుకెళ్ళే నత్రజని 3 కిలోలకి అటూ ఇటూ. మిగతా 6 కిలోలు ఎక్కడున్నాయి? మన పెరట్లోనే. పురుగుల పెంటలో, తినకుండా వదిలిన ఆకులో, ఎండు కొమ్మల్లో. ఆరు కిలోల నత్రజని అంటే 13 కిలోల యూరియాతో సమానం. మేము ఏడాదికి నాలుగు పంటలు, పంటకి 150 గుడ్లు తీస్తాం. ఏడాది మీద దగ్గర దగ్గర రెండు బస్తాల యూరియాకి సరిపడా బలం షెడ్డు వెనక గుట్ట పోసి, వానకి వదిలీసి, మళ్ళీ లైన్లో నిలబడి యూరియా కొనుక్కుని వస్తున్నామన్నమాట.

ఇది ఉజ్జాయింపు లెక్కే. మీ ఆకు, మీ పంటని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. కానీ మూడింట రెండు వంతులు ఇంట్లోనే మిగులుతుందన్న సంగతి మారదు.

ఇంక సంచిలో కొనే యూరియా. నీటి వసతి ఉన్న వి-1 తోటకి మైసూరు కేంద్రం వారి సిఫారసు హెక్టారుకి ఏడాదికి 350 కిలోల నత్రజని, 140 భాస్వరం, 140 పొటాష్, దానితో 20 టన్నుల పశువుల గత్తం. ఇది అయిదు పంటలకి. ఎకరానికి, ఒక పంటకి దించుకుంటే నత్రజని 28 కిలోలు, భాస్వరం 11, పొటాష్ 11. 28 కిలోల నత్రజని అంటే 61 కిలోల యూరియా. 45 కిలోల బస్తా ఒకటీ, ఇంకో 16 కిలోలూ. మేము ఎంత వేసేవాళ్ళం? రెండు బస్తాలు. ఎందుకు రెండు అని ఎవరైనా అడిగితే, సంచి విప్పాక సగం మిగిల్చి ఏం చేస్తాం అనేవాళ్ళం. అదీ కారణం! దాని మీద డీఏపీ బస్తా ఒకటి. డీఏపీలోనూ నత్రజని ఉంది, 50 కిలోల బస్తాకి 9 కిలోలు, ఆ సంగతి లెక్కలోకే రాలేదు. భాస్వరం 11 కిలోలకి అర బస్తా డీఏపీ చాలు. అర బస్తా డీఏపీ వేస్తే యూరియా 51 కిలోలు సరిపోతుంది.

ఇంకా పెద్ద పొరపాటు మెట్ట తోటల్లో జరుగుతోంది. బోరు లేని తోటకి సిఫారసు హెక్టారుకి ఏడాది మొత్తం మీద 100 కిలోల నత్రజని, 50 భాస్వరం, 50 పొటాష్. ఎకరానికి ఏడాదికి 87 కిలోల యూరియా, అంటే రెండు బస్తాల కన్నా తక్కువ, అదీ రెండు దఫాలుగా. మా చుట్టుపక్కల వానాధారం తోటలున్న వాళ్ళు బోరు తోట వాళ్ళని చూసి పంట పంటకీ రెండేసి బస్తాలు వేస్తున్నారు. మొక్క తీసుకోలేదు, తీసుకోనిది ఎక్కడికో పోవాలి గదా.

యూరియా చవక, అదొక చిక్కు. 45 కిలోల బస్తా సర్కారు ధర 242 రూపాయలు, పన్నులూ వేపపూత ఖర్చూ కాక. ఖరీదైన వస్తువైతే తూచి వాడతాం. చవక కాబట్టి చేత్తో చల్లేస్తాం.

ఎక్కువేస్తే ఆకు నల్లగా, పెద్దగా, నిగనిగలాడుతూ వస్తుంది, చూడ్డానికి కళ్ళు నిండుతాయి. ఆ ఆకులో నీరు ఎక్కువ, ముదరదు. నాలుగో జ్వరం లేచాక అలాంటి ఆకు మేపితే పురుగు పల్చబడి విరేచనం, పాలరోగం వెంటబడతాయి. వానాకాలం పంట పోయిన ప్రతిసారీ మేము గుడ్లని తిట్టాం, చాకీ వాళ్ళని తిట్టాం, గాలిలో తేమని తిట్టాం. తేమ నిజమే, కాదనం. కానీ అందులో మన సంచి వాటా ఎంతో ఎప్పుడూ అడగలేదు.

సరే, పోయింది ఎక్కడికి పోతుంది? మా కొల్నార వైపు గెడ్డలు చివరికి నాగావళిలో కలుస్తాయి. నాగావళి కలహండి కొండల్లో పుట్టి, కల్యాణ్‌సింగ్‌పూర్ మీదుగా వచ్చి, రాయగడ దాటి ఆంధ్రాలో దిగుతుంది. గుంప సోమేశ్వరుడి దగ్గర జంఝావతి కలుస్తుంది, అది కొరాపుట్ కొండల నీళ్ళు. ఆ కిందన తోటపల్లి బ్యారేజీ, దాని కాలువల కింద పార్వతీపురం మన్యం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పొలాలు. శ్రీకాకుళం పట్నం తాగేది కూడా ఈ ఏటి నీళ్ళే. కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనలో చాలామంది చుట్టాలు ఆ కిందనే ఉన్నారు. పెళ్ళికి వెళ్ళి వాళ్ళింట్లో గ్లాసు నీళ్ళు తాగితే, అందులో మన తోట కడిగిన నీళ్ళు చుక్క ఉండే ఉంటుంది.

ఈ నీళ్ళ గురించి రెండు రాష్ట్రాలూ బాగానే గొడవపడ్డాయి. జంఝావతి ముంపు గొడవ, వంశధార వాటా గొడవ. వంశధారకైతే 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది. ఎన్ని టీఎంసీలు ఎవరికి అన్నదానికి అంత మంది వకీళ్ళు కావాల్సొచ్చింది. ఆ నీళ్ళల్లో ఏం కలిసి వస్తోంది అని మాత్రం ఎవరూ ట్రిబ్యునల్ వెయ్యరు. ఏరు పాడైందంటే మనం కూడా ఫ్యాక్టరీల వైపు వేలు చూపిస్తాం. ఫ్యాక్టరీ గొట్టం కళ్ళకి కనిపిస్తుంది, ఎవరైనా వెళ్ళి నిలబడి అడగొచ్చు. పొలాలకి గొట్టం ఉండదు. ప్రతి గట్టూ గొట్టమే.

2017 జూలై మీకు గుర్తుండాలి. ఒక్క పూట కురిసిన వానకి ఏరు పొంగి తెరువలి, సింగపూర్ రోడ్డు మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ రోజు మా తోటలో పంటకి ఎరువు వేసి నాలుగో రోజు. వాన తగ్గాక చూస్తే మొక్కల మొదళ్ళు బయటపడి వేళ్ళు వేలాడుతున్నాయి, ఎర్ర మట్టి అంతా గెడ్డలో ఉంది. అప్పుడు మట్టి పోయిందని ఏడ్చాం గానీ, మట్టితో పాటు ఇంకేం పోయిందో మాకు తెలీదు.

ఇది తెలుసుకోవాల్సిన సంగతి. నత్రజని వెళ్ళే దారి ఒకటి, భాస్వరం వెళ్ళే దారి ఇంకొకటి. యూరియా మట్టిలో కొద్ది రోజుల్లో నైట్రేటుగా మారుతుంది. నైట్రేటు మట్టిని అంటిపెట్టుకోదు, పంచదారలాగా నీళ్ళల్లో కరిగి నీళ్ళు ఎటు వెళ్తే అటు వెళ్తుంది, ముఖ్యంగా కిందికి, బావిలోకి, బోరులోకి. భాస్వరం అలా కాదు. అది మట్టి రేణువుని పట్టుకుని కూర్చుంటుంది. మన వైపు ఎర్ర నేలలు పుల్ల నేలలు, అందులో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని ఇంకా గట్టిగా పట్టేస్తాయి. మొక్కకి కూడా అందనివ్వవు. మట్టి కదలనంత వరకూ అది కదలదు. మట్టి కొట్టుకుపోతే మాత్రం దానితో పాటు ఏరు దాకా ప్రయాణం. చెరువులో, నిలవ నీళ్ళల్లో భాస్వరం చేరితే నాచు, గుర్రపుడెక్క పట్టపగ్గాల్లేకుండా పెరుగుతాయి. అవి కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ప్రాణవాయువు లాగేస్తాయి, చేపలు తేలిపోతాయి. కొల్లేరు చూసినవాళ్ళకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన సరస్సు అది. పై పొలాల మురుగు, చేపల చెరువుల మేత, పట్నాల మురుగు అన్నీ వచ్చి అందులోనే పడ్డాయి. 2006లో సర్కారు చెరువు గట్లు పగలగొట్టించింది, తర్వాత మళ్ళీ గట్లు లేచాయి. నీళ్ళు ఒకసారి పాడయ్యాక బాగు చెయ్యడం ఎంత కష్టమో అక్కడ చూడొచ్చు.

కాబట్టి రెండు పనులు వేర్వేరు. నత్రజనికి కొలత, సమయం చూసుకోవాలి. భాస్వరానికి మట్టిని ఆపాలి.

మేము చేసింది చెప్తాం. గొప్పగా ఏం చెయ్యలేదు, తప్పులు కూడా చేశాం.

మొదట పెంట గుట్ట తీసేశాం. బావికి దిగువన, గెడ్డకి దూరంగా, ఎత్తు నేల మీద రెండు గుంటలు తవ్వాం. ఒక్కోటి పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు. ఒకటి నిండేలోపు రెండోది మగ్గుతుంది. మొదటి గుంట తవ్వినప్పుడు పైన కప్పు వెయ్యలేదు, ఒక వానకే నల్లటి రసం పొంగి బయటికి కారిపోయింది. అంటే గుట్ట చేసే పనే గుంట కూడా చేసింది. తర్వాత నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పాం, చుట్టూ జానెడు మట్టి కట్ట పోశాం. గుంట అడుగున బంకమట్టి మెత్తి దిమ్మిస కొట్టాం. పెంట, మిగిలిన ఆకు, పేడ, కొంచెం తోట మట్టి పొరలు పొరలుగా వేసి, నెలకోసారి తిరగేస్తున్నాం. వానపాములు వదలాలనుకునేవాళ్ళు పచ్చి పెంటలో వదలకండి, వేడికి చచ్చిపోతాయి. రెండు మూడు వారాలు మగ్గి చల్లబడ్డాకే వదలాలి. షెడ్డులో సున్నం, బ్లీచింగ్ చల్లిన చోట ఊడ్చిన చెత్త అందులో వెయ్యకండి, మేము ఒక తొట్టి వానపాముల్ని అలాగే చంపుకున్నాం.

రోగం వచ్చిన పురుగులు మాత్రం గుంటలో వెయ్యకూడదు. గెడ్డలో అసలే వెయ్యకూడదు. పాలరోగం పురుగుని గెడ్డలో పారేస్తే, ఆ నీళ్ళు కింద ఊరి తోటకి పెడతారు, ఆకు మీద పడుతుంది, వాళ్ళ షెడ్డుకి చేరుతుంది. రెండేళ్ళ కిందట కింద ఊరి రైతులు ఇద్దరు మా గుమ్మం ముందుకొచ్చి ఇదే మాట అడిగారు. మేము కాదని వాదించాం. ఇప్పుడు ఆలోచిస్తే వాదించకుండా ఉండాల్సింది. రోగం పురుగుల్ని ఏరి, సున్నం నీళ్ళల్లో వేసి, వేరే లోతు గొయ్యిలో సున్నం చల్లి పూడ్చండి, లేదా కాల్చండి. షెడ్డు శుభ్రం చేసే 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం నీళ్ళు కూడా నేరుగా గెడ్డలోకి వదలొద్దు. షెడ్డు మూల చిన్న ఇంకుడు గుంట, అందులో ఇటుక ముక్కలు, ఇసుక. కూలి తప్ప ఖర్చు లేదు.

రెండోది ఎరువు వేసే తీరు. ఇదివరకు కొమ్మ కత్తిరించిన వారానికే యూరియా చల్లేవాళ్ళం. మోడు మొక్కకి తిండి తినే నోరు ఎక్కడుంది? ఆకు లేదు, కొత్త వేరు లేదు. ఇప్పుడు కత్తిరించిన 20 నుంచి 25 రోజులకి, కలుపు తీశాక, చిగుళ్ళు జానెడు పెరిగినప్పుడు వేస్తున్నాం. సాలు పక్కన జానెడు దూరంలో నాలుగు అంగుళాల గాడి తీసి, ఎరువు వేసి, మట్టి కప్పేస్తాం. పైన చల్లితే ఎండకి కొంత గాలిలో కలిసిపోతుంది, వానకి కొంత గట్టు దాటుతుంది. మన జిల్లాల్లో ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. అందుకని ఆ నాలుగు నెలల పంటకి యూరియా ఒకేసారి కాకుండా సగం సగం చేసి, పది పన్నెండు రోజుల తేడాతో రెండుసార్లు వేస్తున్నాం. ఫోనులో మేఘదూత్ యాప్ వేసుకోండి, జిల్లా వారీగా వాన కబురు వస్తుంది. రెండు రోజుల్లో గట్టి వాన ఉందంటే ఎరువు సంచి విప్పొద్దు. కూలీలు వచ్చేశారు, ఇంక వెయ్యకుంటే ఎలా అంటారా, ఆ రోజు వాళ్ళ చేత గట్లు సరిచేయించండి.

గుంటలో మగ్గిన ఎరువు వేసిన పంటకి యూరియా తగ్గించాం. పోయిన నాలుగు పంటల్లో పంటకి ఒక్క బస్తా మించలేదు. ఆకు దిగుబడి మొదటి పంటలో కొంచెం తగ్గింది, దాచి చెప్పడం లేదు. మా ఇంటామె ఆ పది రోజులూ మాతో సరిగ్గా మాట్లాడలేదు. రెండో పంటకి సర్దుకుంది. వానాకాలం పంటలో రోగం తక్కువ పడింది, అది ఎరువు తగ్గించినందుకో, వాతావరణం కలిసొచ్చినందుకో ఒక్క పంట చూసి చెప్పలేం.

నేల పరీక్ష చేయించకుండా ఇవేవీ మొదలుపెట్టకండి. పుల్ల నేలకి సున్నం వెయ్యకుండా డీఏపీ ఎంత పోసినా మొక్కకి అందేది తక్కువే. మల్బరీకి ఉదజని సూచిక 6.2 నుంచి 6.8 ఉంటే మంచిది. సున్నం వేసి నేలని సరిచేస్తే, ఇన్నాళ్ళూ మనం పోసి మట్టిలో చిక్కుకుపోయిన భాస్వరమే కొంత మొక్కకి దొరుకుతుంది. కొత్తది కొనే పని తగ్గుతుంది.

మూడోది మట్టి. మా తోట మొదట వాలు వెంబడే సాళ్ళు వేసి నాటాం, దున్నడం సులువని. అదే పెద్ద తప్పు, ప్రతి సాలూ ఒక చిన్న కాలువ. నాటిన తోటని పీకలేం గదా. అందుకని పదేసి సాళ్ళకి ఒకచోట వాలుకి అడ్డంగా కందకం తవ్వి, కత్తిరించిన మల్బరీ కొమ్మలు, కలుపు అందులో పరుస్తున్నాం. వానాకాలం ముందు సాళ్ళ మధ్య జనుము, ఒకసారి అలసంద చల్లి, పూత రాకముందే తొక్కించాం. నేల మీద ఆకు ఉంటే వాన చినుకు మట్టిని కొట్టలేదు. గెడ్డ అంచున మూడు గజాల మేర ఏమీ వెయ్యకుండా వట్టివేరు, పశువుల గడ్డి పెంచుతున్నాం. ఎర్ర నీళ్ళు ఆ గడ్డిలోకి వచ్చి నిదానించి, మట్టి అక్కడ దించి, తేరుకుని గెడ్డలోకి వెళ్తాయి. గడ్డి కోసి ఆవుకి వేస్తాం. మూడు గజాల నేల పోయిందని మొదట బాధపడ్డాం, గానీ ఆ అంచు ఎప్పుడూ విరిగిపోయే నేలే. కొత్తగా తోట నాటేవాళ్ళు మాత్రం దయచేసి వాలుకి అడ్డంగా నాటండి. మల్బరీ పదిహేను ఇరవై ఏళ్ళు ఉండే మొక్క, వేరు లోతుకి వెళ్తుంది, ఏటా దున్ని వదిలే పంటల కన్నా వాలు నేలని బాగా పట్టుకుంటుంది. సరిగ్గా పెంచితే ఏటికి కాపలా కాసేది మన తోటే.

పట్టు పురుగుల పెంటని నీళ్ళ పాలు కాకుండా వాడుకోవడం మనం కనిపెట్టిన సంగతి కాదు. చైనాలో హుజౌ అనే ఊరి చుట్టుపక్కల పల్లపు నేలల్లో చేపల చెరువులు తవ్వి, ఆ మట్టితో గట్లు పోసి, గట్ల మీద మల్బరీ నాటారు. ఆకు పురుగులకి, పురుగుల పెంట చెరువులో చేపలకి, చెరువు అడుగు బురద ఏటా తీసి మళ్ళీ మల్బరీ మొదళ్ళకి. రెండు వేల ఏళ్ళకి పైబడిన పద్ధతి. 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. బలం బయటికి పోకుండా అక్కడక్కడే తిరుగుతుంది. మన కొండ వాలుల్లో చెరువులు కుదరవు, ఆ పద్ధతి ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. కానీ వాళ్ళ చెరువు చేసే పనే మన గుంట చేస్తుంది.

ఇదంతా చేస్తే కింద ఊళ్ళ వాళ్ళకి మంచి జరుగుతుంది, మరి కూలి ఎవరిస్తారు అని మా గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో న్యూయార్క్ మహానగరం తాగే నీళ్ళు ఎక్కువగా క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తాయి, ఆ కొండల మీద పాడి రైతులున్నారు. పెద్ద ఫిల్టర్ ప్లాంటు కట్టడానికి అయ్యే ఖర్చు చూసి, 1990ల్లో నగరం వాళ్ళు రైతులతో ఒప్పందానికి వచ్చారు. పేడ నిలవ చేసే తొట్లకి, పశువులు వాగులోకి దిగకుండా కంచెలకి నగరం డబ్బులిచ్చింది. నీళ్ళు పైనే శుభ్రంగా ఉంచడం చవక అని వాళ్ళకి లెక్క తేలింది. నాగావళి మీద అలాంటి ఒప్పందం వస్తే అందరి కన్నా ముందు మేమే సంతకం పెడతాం. అందాకా గుంట తవ్విన కూలి మాకు రెండు బస్తాల యూరియా మిగులులో, ఆకు నాణ్యతలో కొంత తిరిగొస్తోంది. మొత్తం తిరిగొచ్చిందని అబద్ధం చెప్పం.

బావి సంగతి అడుగుతారని తెలుసు. గుట్ట తీసి ఏడాది దాటింది. మొన్న వానల ముందు మళ్ళీ పరీక్ష చేయించాం. రంగు పోయినసారి కన్నా తేలిగ్గా ఉంది, కానీ ఇంకా 45 గడికి పైనే. ఆరేళ్ళు నేలలోకి దిగింది ఏడాదిలో పోదట. మనవరాలు ఇప్పుడు మెట్టినింట్లో ఉంది, వచ్చే పండక్కి వస్తుంది. అప్పటికీ దానికి టాంకు నీళ్ళే.

ఈ వారం మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే. మీ షెడ్డు పెంట ఎక్కడ పోస్తున్నారో వెళ్ళి చూడండి, అక్కణ్ణించి వాన నీళ్ళు ఎటు పారతాయో చూడండి, దారిలో బావి గాని బోరు గాని ఉంటే ఊళ్ళో కిట్ ఉన్న అమ్మాయిని పిలిచి పరీక్ష చేయించండి. ఇంట్లో డబ్బా పాలు తాగే పిల్ల ఉంటే ఈ వారం దాకా కూడా ఆగొద్దు. కార్డులో మీ రంగు ఎక్కడ నిలిచిందో ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. గుంట ఎలా తవ్వామో చూడాలనుకునేవాళ్ళు ఆదివారం పొద్దున్న మా తోటకి రావచ్చు, కొమ్మ మేత టైముకి ముందే వస్తే తీరిగ్గా చూపిస్తాం. చెప్పులు మాత్రం షెడ్డు బయటే విడవండి, పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి.